బంగారం నల్లగా పడిన ఫోటో

రంగూన్‌లోని ష్వెడగాన్ పగోడాకు కిందినుంచి పైదాకా బంగారమే. గుట్ట మీద దాదాపు 99 మీటర్ల ఎత్తున నిలబడి, ఎండ తగిలితే కళ్ళు చెదరగొడుతుంది. పెద్దాపురంలో ఒక ఇంటి ట్రంకుపెట్టెలోంచి బయటపడిన ఫోటోలో మాత్రం అదే పగోడా బొగ్గుల గుట్టలా నల్లగా ఉంది. వెనకున్న ఆకాశం ఉత్త తెలుపు. ముందు వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ నుదుట బొట్టు నల్లగా, ఒకావిడ కట్టుకున్న చీరా నల్లగానే ఉన్నాయి. చెమ్మకి ఫోటో పాడైపోయిందని ఇంటివాళ్ళు అనుకున్నారు.

ఫోటో పాడవలేదు. ఆనాటి ఫిల్ము గుణమే అంత. 1930ల దాకా మామూలు కెమెరాల్లో వేసిన ఫిల్ములో ఎక్కువ భాగం ఆర్థోక్రొమాటిక్ రకం. నీలం, ఆకుపచ్చ వెలుగుని అది బాగా పట్టుకుంటుంది. ఎరుపు దానికి కనిపించదు. అందుకే కుంకుమ నల్లగా పడుతుంది, ఎర్రచీర కూడా నల్లబడుతుంది. నీలాకాశం మితిమీరి వెలిగి తెల్లబోతుంది. ఎర్రఛాయ కలిసిన బంగారం అసలుకన్నా ముదురుగా దిగుతుంది. ఎండ వెనకనుంచి కొడితే ఇక చెప్పక్కర్లేదు. కొడాక్ వాళ్ళ వెరిక్రోమ్ ఫిల్ము 1931లో వచ్చింది. అది కూడా ఆర్థోనే. ఎరుపుని చూడగలిగిన వెరిక్రోమ్ పాన్ బజారులోకి వచ్చేసరికి 1956 అయింది.

ఈ సంగతి తెలియని ఫోన్ యాప్‌లకి ఇలాంటి ఫోటో ఇచ్చి రంగులు వెయ్యమంటే పగోడాకి సిమెంటు రంగు వేస్తాయి. పెళ్ళి ఎర్రచీరని నల్లచీర చేస్తాయి. పేరంటానికి బొట్టు పెట్టుకుని బయల్దేరిన ఇల్లాలి నుదుట బొగ్గుచుక్క పెట్టి ఊరుకుంటాయి.

ఈ శీర్షిక రాసే మనిషికి కొన్నేళ్ళుగా ఒక అలవాటుంది. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల తెలిసినవాళ్ళ ఇళ్ళలో పాత ఫోటోలు ఉన్నాయంటే స్కానరు సంచిలో పెట్టుకుని వెళ్ళడం, కాపీ తీసి ఇచ్చి, అందులో ఎవరున్నారో, ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో వీలైనంత తేల్చడం. జీతం భత్యం లేని పని. పెసరట్టు ఉప్మా మాత్రం దొరుకుతుంది. ఆ పనిలో పెళ్ళి ఫోటోలు, పంచెకట్టు ఫోటోలు, షష్టిపూర్తి గ్రూపు ఫోటోలు చాలానే చేతికొస్తాయి. అప్పుడప్పుడు మాత్రం, ఊరికి సంబంధమే లేని ఒక బౌద్ధ స్తూపం ముందు మన వేషంలో మన మనుషులు నిలబడి కనిపిస్తారు.

గోదావరి జిల్లాల్లో ఇది వింత కాకూడదు. కాకినాడ ఇక్కడికి 20 కిలోమీటర్లు. అక్కడినుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో డెక్కు టికెట్టు కొనుక్కుని కోతలయ్యాక వెళ్ళినవాళ్ళు, అప్పు తీర్చడానికి వెళ్ళినవాళ్ళు, ఇంట్లో చెప్పకుండా పారిపోయినవాళ్ళు వేలకి వేలు. పల్లెల్లో దాన్ని ‘రంగం వెళ్ళడం’ అనేవారు. బియ్యం మిల్లులూ ఓడరేవూ ఆ చేతుల మీదే నడిచాయి. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచేవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే అది. 1931 జనగణన నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులే. కోరంగి ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ ఆస్తితో ఏర్పడ్డ ఎం.ఎస్.ఎన్. చారిటీస్ కాకినాడ జగన్నాథపురంలో నేటికీ ఉంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య, 1910 ప్రాంతంలో ఆ స్టూడియో తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే కదిలే బొమ్మల యంత్రం తెప్పించాడు. దాన్ని బర్మా దాకా తిప్పి ఆడించాడు. డబ్బు కోసమైనా ఆట కోసమైనా మనవాళ్ళకి రంగూన్ పక్కవీధే.

ట్రంకుపెట్టె ఇంటావిడకి ఇప్పుడు డెబ్బై దాటాయి. పుట్టింది రంగూన్‌లో. తాత 1920ల్లో వెళ్ళాడు. తండ్రి యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళి గుమాస్తాగా స్థిరపడ్డాడు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. ఆ మేలోనే 50, 100 చాట్ నోట్లు చెల్లకుండా పోయాయి. భారతీయులు ఓడలెక్కారు. ఆ ఓడల్లో విశాఖపట్నంలో దిగి అక్కడే ఉండిపోయినవాళ్ళ పేట పేరు నేటికీ బర్మా క్యాంపే. ఈవిడ కుటుంబం మాత్రం పెద్దాపురం పాత ఇంటికి చేరుకుంది. అలా ఆ పెట్టెలో రెండు తరాల రంగూన్ ఉంది. ఒకటి తాత చూసిన రంగూన్, రెండోది ఈవిడ బాల్యం.

ఇలాంటి ఫోటోల్లో మొట్టమొదట తేల్చుకోవలసింది ఒకటుంది. ఇది ఇంటివాళ్ళు తీసుకున్న ఫోటోనా, కొనుక్కున్న ఫోటోనా? రంగూన్‌లో ఫోటోల వ్యాపారం చాలా పాతది. 1855లో బ్రిటిష్ దౌత్యబృందంతో వెళ్ళిన లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ష్వెడగాన్‌ని కాగితపు నెగెటివుల మీద తీశాడు. తరవాత మూడేళ్ళకి ఆయనే మధుర, తంజావూరు గుళ్ళని కూడా తీశాడు. ఆ శతాబ్దం చివర్లో ఫిలిప్ క్లియర్ అనే జర్మన్ రంగూన్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన తరవాత డి.ఎ. అహూజా అనే భారతీయుడు రంగులద్దిన పోస్టుకార్డులు అచ్చువేయించి అమ్మాడు. ఊరికి ఉత్తరం రాయాలంటే అలాంటి కార్డే చవక. అందుకని మన ఇళ్ళలో దొరికే ష్వెడగాన్ బొమ్మల్లో కొన్ని బజారు సరుకే.

రెంటికీ తేడా పట్టడానికి ఒక సులువైన దారి ఉంది. పగోడా మొత్తం నిలువునా కనిపించి, కింద చెరువులో నీడ పడుతూ, మనుషులు లేకుండా ఉంటే అది దాదాపు కొన్నదే. రాయల్ లేక్ గట్టునుంచి ఫోటోగ్రాఫర్లు వందసార్లు తీసిన కోణమది. ఇంటి బ్రౌనీ పెట్టె కెమెరా పట్టుకుని గుట్ట మీది అరుగు ఎక్కినవాడికి అంత ఎత్తు ఎన్ని జన్మలెత్తినా ఒక ఫ్రేములో పట్టదు. వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకే కుటుంబం ఫోటోల్లో పగోడా ఎప్పుడూ సగమే. శిఖరం తెగిపోతుంది. లేకపోతే దక్షిణపు మెట్లదారి ముందున్న రెండు పెద్ద సింహాల దగ్గరే అందరూ నిలబడతారు. పెద్దాపురం పెట్టెలో ఇలాంటి ఫోటోలు నాలుగుంటే మూడింట్లో సింహం పంజానే ఉంది. ఒక పంజా పక్కన నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్లే ఇప్పుడు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్న ఆవిడ.

ఫోటో ఏ కాలానిదో తేల్చడానికి మనుషుల ముఖాలకన్నా కట్టడమే ఎక్కువ అక్కరకొస్తుంది. చుట్టాలని గుర్తుపట్టే మనుషులు పోతూ ఉంటారు. కట్టడానికి జరిగిన మార్పులు మాత్రం పుస్తకాల్లో తేదీలతో సహా ఉంటాయి. ష్వెడగాన్ అరుగు మీద బూట్లేసుకున్న దొర కనిపిస్తే ఆ ఫోటో చాలావరకు 1919కి ముందుదే. అప్పటిదాకా తెల్లవాళ్ళు జోళ్ళు విప్పకుండానే పైకెక్కేవారు. 1901లో ఐర్లండు నుంచి వచ్చి బౌద్ధ భిక్షువైన ధమ్మలోక అనే ఆయన, జోళ్ళతో వచ్చిన ఒక భారతీయ పోలీసుని అక్కడే నిలదీశాడు. ఆ తరవాత లెడి సయాడో అనే గురువు జోళ్ళతో రావడం తప్పని పుస్తకమే రాశాడు. యువ బౌద్ధులు ఊరూరా ఉద్యమం చేశారు. 1919 నుంచి ధర్మకర్తల మాటే చెల్లింది. బూట్లు విప్పలేని దొరలు చాలామంది కింద నిలబడి చూసి వెళ్ళిపోయారు. మనవాళ్ళకి ఆ బెడద లేదు. గుడి అనగానే చెప్పులు బయట విప్పే అలవాటు కాళ్ళకే ఉంది.

ఇంకో గుర్తు అగ్నిప్రమాదం. 1931లో పడమటి మెట్లదారి అడుగున అంటుకున్న మంట ఉత్తరం వైపు మండపాలని కూడా మింగింది. ఆ వైపు కనిపించే చెక్కపని ఆ ఏడాదికి ముందుదా తరవాతిదా అన్నది పాత పోస్టుకార్డు పక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది. రేవు దగ్గరి బొటటాంగ్ పగోడా అయితే ఇంకా తేలిక. 1943 నవంబరులో బాంబు పడి అది నేలమట్టమైంది. యుద్ధం తరవాత మళ్ళీ కట్టినది లోపల బోలుగా, మనుషులు తిరగడానికి వీలుగా ఉంటుంది. నగరం నడిబొడ్డునున్న సూలే పగోడా ఎనిమిది పలకలతో పైకి లేస్తుంది, చుట్టూ కొట్లుంటాయి. ఈ మూడింటినీ మన ఇళ్ళలో ‘బర్మా గుడి’ అనే ఒకే పేరుతో పిలుస్తారు. విడదీయడానికి భూతద్దం చాలు.

పెట్టెలోని నల్ల పగోడా ఫోటో వెనక అచ్చులో పోస్టుకార్డు గీత ఉంది. ఆ రోజుల్లో స్టూడియోలు ఇంటి ఫోటోలని కూడా పోస్టుకార్డు కాగితం మీదే ముద్రించి ఇచ్చేవి. బిళ్ళ అంటించి టపాలో వేసెయ్యచ్చు. దీనిమీద బిళ్ళ ఉంది, ముద్ర సగం అరిగింది. భూతద్దం పెడితే 1930 జూన్ అని చదవచ్చు. తాత ఇంటికి రాసిన నాలుగు పంక్తుల్లో అందరం కులాసా అనీ, అమ్మని బెంగపెట్టుకోవద్దని చెప్పమనీ ఉంది. ఇంట్లో ఎప్పుడూ దాన్ని మామూలు క్షేమసమాచారంగానే చదివారట.

ఆ తేదీకి కొద్దిరోజుల ముందు, మే 26న, రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవ మొదలైంది. కూలి పెంచమని తెలుగువాళ్ళు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చాయి. సమ్మె తెగి తెలుగువాళ్ళు తిరిగొచ్చేసరికి కొత్తవాళ్ళని పొమ్మన్నాయి. రేవులో రేగిన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. వేలమంది భారతీయులు ఇళ్ళొదిలి దాక్కున్నారు. అదే నెల 5న పెగూలో పెద్ద భూకంపం వచ్చి రంగూన్‌ని కూడా కుదిపింది. ఆ వార్తలు కాకినాడ చేరి, అక్కడినుంచి పెద్దాపురం వీధుల్లోకి వచ్చేసరికి ఎంత పెద్దవయ్యుంటాయో ఊహించవచ్చు. పగోడా ముందు ముస్తాబై నిలబడ్డ ఆ ఫోటో అల్లర్లకి ముందే తీసిందో, తరవాత తీసిందో ముద్ర చెప్పదు. పంపింది మాత్రం అప్పుడు. బతికే ఉన్నామని తల్లికి కళ్ళారా చూపించడానికి పంపింది. చూడ్డానికి గుడి ముందు తీసుకున్న ఫోటో. వెనక్కి తిప్పితే అది గండం గడిచినవాళ్ళ కబురు.

వెనక వైపు స్కాన్ చెయ్యకుండా ముందు వైపు ఒక్కటే తీసి ఫోన్లో పంచుకునేవాళ్ళు ఈ కబురు పోగొట్టుకుంటున్నారు.

ఈ ఫోటో మిగలడానికి కారణం కూడా ఆ టపా బిళ్ళే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ళ చేతికి చిక్కింది. లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన, హుకాంగ్ లోయలో పడి నడిచి వచ్చారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే వేలమంది రాలిపోయారు. చంకలో పిల్లాణ్ణి, చేతిలో బియ్యం మూటని మోసేవాడు ఆల్బమ్ ఎక్కడ మోస్తాడు? ఈ తాతా అలా నడిచొచ్చినవాడే. రంగూన్ ఇంట్లో ఉన్నవి అక్కడే పోయాయి. ఊరికి పంపినవి మాత్రం ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో యుద్ధానికి ముందటి బర్మా ఫోటోలు ఎవరింట్లోనైనా కనిపిస్తే వెనక్కి తిప్పి చూడాలి. టపాలో వచ్చినవే ఎక్కువుంటాయి.

రెండో తరం ఫోటోలు వేరే తరహా. అంచులు అలలు అలలుగా కత్తిరించిన చిన్న ప్రింట్లు. నల్లకాగితాల ఆల్బమ్‌లో మూలలకి మూడుపలకల అంటింపులు. అందులో ఈవిడ చిన్నప్పటిది ఒకటి. రెండు బుగ్గల మీదా తెల్లటి మచ్చలు. మనవడు దాన్ని వేరే పట్నంలో ఒక స్టూడియోలో ఇచ్చి ‘బాగుచేయించి’ పెద్ద ఫ్రేము కట్టించాడు. ఫ్రేములో బుగ్గలు నున్నగా మెరిసిపోతున్నాయి.

‘పిన్నిగారూ, పాత కాపీలో ఈ మచ్చలేమిటండీ, బూజా?’ అని అడిగితే ఆవిడ నవ్వారు.

‘బూజేంటి బాబూ! మా అమ్మ తనకా రాసింది. పొద్దున్నే రాతి మీద నీళ్ళు పోసి చెక్క అరగదీసి బుగ్గలకి రాసేది. అక్కడి పిల్లలందరికీ అంతే. అది రాయకుండా బడికి పంపితే ఎండకి కమిలిపోతామని గోల చేసేది. వీడు నా బుగ్గలు కడిగించేశాడు చూశావా!’

తనకా చెట్టు బెరడుని నీటితో అరగదీసి ముఖానికి రాసుకోవడం బర్మాలో తరతరాల అలవాటు. చల్లగా ఉంటుంది, ఎండ కాస్తుంది. తెలుగింటి పిల్ల బుగ్గల మీద ఆ పూత ఉండటం వల్లే ఆ కుటుంబం అక్కడి వీధిలో ఎంత కలిసిపోయిందో తెలుస్తోంది. అంత సాక్ష్యాన్నీ స్టూడియో కంప్యూటరు మచ్చ అనుకుని చెరిపేసింది. నల్లబడ్డ బంగారం లాగే ఇదీ దోషంలా కనిపించింది. అదృష్టం కొద్దీ మొదటి ప్రింటు పారెయ్యలేదు. పాత ఫోటోని బాగుచెయ్యడానికి ముందు దాన్ని చదవాలన్న పట్టు ఈ కాలమిస్టుకి ఇలాంటివి చూసి చూసి వచ్చింది. గీత, మరక, చిరుగు అని చెరపబోయేది ఏమిటో తెలిసినవాళ్ళని అడక్కుండా వేలు పెట్టకూడదు.

అదే ఆల్బమ్‌లో ఇంకో ఫోటో ఉంది. పిల్ల చిన్న గిన్నెతో ఒక బుద్ధవిగ్రహం మీద నీళ్ళు పోస్తోంది. వెనక రాతి పులి. ష్వెడగాన్ చుట్టూ ఎనిమిది దిక్కులా వారాల పేర గద్దెలుంటాయి. బుధవారాన్ని పగలు, సాయంత్రం అని రెండు చేసి ఏడుని ఎనిమిది చేస్తారు. రెండో సగానికి రాహువు అధిపతి. ఎవరు పుట్టిన వారం గద్దె దగ్గర వాళ్ళు నీళ్ళు పోస్తారు. ఆదివారానికి ఈశాన్యాన గరుడుడు, శనివారానికి నైరుతిలో నాగుడు, గురువారానికి పడమట ఎలుక. తూర్పున ఉండే పులి సోమవారానిది. నవగ్రహ ప్రదక్షిణలు చేసే ఇంటివాళ్ళకి ఇది పరాయి పద్ధతి అనిపించి ఉండదు.

ఆవిడ బడి సర్టిఫికెట్లో పుట్టినరోజు 1953 జులై 1 అని ఉంది. మన బళ్ళలో ఎంతమంది మేష్టార్లు ఎంతమంది పిల్లలకి రాసేసిన తేదీయో అది! ఆ రోజు బుధవారం. పులి దగ్గర నీళ్ళు పోయించిన తల్లి లెక్కలో పిల్ల సోమవారం పుట్టింది. దీన్ని రుజువు అనలేం. ఎండ ఆ మూల బావుందని ఫోటో తీసేవాడు అక్కడ నిలబెట్టి ఉండచ్చు. కానీ సర్టిఫికెట్టు కన్నా తల్లి మాట వైపే మొగ్గు ఎక్కువ. ఆవిడ మాత్రం తేల్చెయ్యడానికి ఇష్టపడలేదు. పింఛను కాగితాల్లో ఉన్నది అలాగే ఉండనీ అన్నారు.

విచిత్రం ఒకటుంది. ఇంత బౌద్ధం ఆల్బమ్‌లో పెట్టుకున్న ఇంట్లో, ఇక్కడికి దగ్గరలోనే గొల్లప్రోలు మండలం కొడవలిలో ఉన్న బౌద్ధ దిబ్బ ఫోటో ఒక్కటీ లేదు. అక్కడ శాతవాహన రాజు చండశాతకర్ణి శాసనం దొరికింది. పక్కనే సామర్లకోటలో రెండంతస్తుల భీమేశ్వరాలయం ఉంది. దాని ముందు తీసుకున్న ఫోటో కూడా లేదు. పరాయిచోట ఉన్నప్పుడు ఇక్కడ ఉన్నామని చెప్పడానికి కట్టడం కావాలి. సొంత ఊళ్ళో ఆ అవసరం ఎవరికీ తోచదు. వందేళ్ళ తరవాత పెద్దాపురం ఎలా ఉండేదని ఎవరైనా వెతికితే పెళ్ళి పందిళ్ళే దొరుకుతాయి. పాండవుల మెట్ట అయినా మరిడమ్మ గుడి అయినా వెనక మసగ్గా పడి ఉంటే ఉండాలి.

ఇక పని పద్ధతి. చిన్న ప్రింటుని కనీసం 600 డీపీఐలో స్కాన్ చెయ్యాలి. ముందూ వెనకా రెండూ చెయ్యాలి. పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున నెమ్మదిగా రాయాలి. బాల్‌పెన్ను నొక్కితే ముందువైపు గీత తేలుతుంది, సిరా ఎదురు ఫోటోకి అంటుకుంటుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లలో ఉన్నవి ముందు బయటికి తియ్యాలి, రాకపోతే లాగకూడదు. పేజీతో సహా స్కాన్ చెయ్యడం మేలు. అద్దానికి అతుక్కున్న ఫోటోని కూడా అద్దం మీదనుంచే కాపీ తియ్యాలి. వానాకాలంలో ఆల్బమ్ తెరవకపోవడమే మంచిది. డెల్టా గాలిలో ఉండే చెమ్మకి బూజు, వెండిపురుగు రెండూ సిద్ధంగా ఉంటాయి. పెద్దవాళ్ళు చెబుతున్నప్పుడు ఫోన్లో గొంతు రికార్డు చేసుకుంటే తరవాత పేర్లు తారుమారు కావు.

ఇదంతా చెయ్యడానికి మంచి అదను సంక్రాంతి. హైదరాబాదు వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, అమెరికా వాళ్ళు అందరూ ఇంట్లో ఉంటారు. ఒక ఫోటో చుట్టూ పదిమంది చేరితే ఎవరో ఒకరు ఆ మూలనున్నవాడి పేరు చెబుతారు, ఇంకొకరు కాదంటారు, నిజం మధ్యలో దొరుకుతుంది. కాకపోతే పని భోగికి ముందురోజే మొదలెట్టాలి. చెద పట్టిన పటాలు, విరిగిన ఫ్రేములు, పాత అట్టపెట్టెలు తెల్లారుజామున భోగిమంటలోకి వెళ్ళేది ఆ మర్నాడే. ఫ్రేము వెయ్యదలుచుకుంటే వెయ్యండి. ముందు వెనక అట్ట ఊడదీసి, లోపల ఇంకో ఫోటో ఉందేమో, స్టూడియో ముద్రో టపా బిళ్ళో ఉందేమో చూసి మరీ వెయ్యండి.